జాబితాలో రాయని ఒక్క పేరు: సిమ్ ఫుట్‌బాల్ లీగ్‌లో నా సీజన్

సీజన్ ముగిసి మూడు రోజులైంది. పాయింట్ల పట్టిక మూసేయడానికి చెయ్యి రావడం లేదు. నాలుగో వరసలో వాళ్లు, ఐదో వరసలో మేం. ఇద్దరికీ 35 పాయింట్లే. గోల్ డిఫరెన్స్, అంటే కొట్టిన గోల్స్‌లోంచి తిన్నవి తీసేస్తే మిగిలేది, వాళ్లకు ప్లస్ 6, మాకు ప్లస్ 4. 12 జట్ల డివిజన్‌లో మొదటి నాలుగు జట్లు పైకి వెళ్తాయి. ఐదోది ఉన్నచోటే ఉంటుంది. మేం ఉన్నచోటే ఉండిపోయాం.

మా జట్టు 22 మ్యాచుల్లో గ్రౌండ్ మీద సంపాదించింది 38 పాయింట్లు. అందులో మూడు ఒక మీటింగులో పోయాయి. వాటితో పాటు గోల్ డిఫరెన్స్ కూడా నాలుగు తగ్గింది. అదెలా జరిగిందో వేడి చల్లారకముందే రాసేయాలనిపించింది. ఇలాంటి లీగుల్లో కొత్తగా చేరేవాళ్లు ఇది చదివి, ఒక్క నిమిషం ఆగి తమ జాబితా మళ్లీ చూసుకుంటే నాకంతే చాలు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సిమ్ అంటే సిమ్యులేషన్. సిమ్ లీగ్‌లో మనం బంతి తన్నం, రిమోట్ నొక్కం. ఒక జట్టుకు మేనేజర్‌గా ఉంటాం. ఎవరిని ఆడించాలి, ఏ ఫార్మేషన్‌లో ఆడించాలి, డిఫెన్స్ ఎంత వెనక నిలబడాలి, ఎవరు ఎవరిని కాపు కాయాలి అనేవన్నీ ఒక ఫైల్లో రాసి గడువులోగా పంపిస్తాం. మ్యాచ్‌ను ఇంజిన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఆడిస్తుంది. 1992లో పాల్ కోలియర్, ఆలివర్ కోలియర్ అనే అన్నదమ్ములు తయారుచేసిన ఛాంపియన్‌షిప్ మేనేజర్ నుంచి నేటి ఫుట్‌బాల్ మేనేజర్ దాకా వచ్చిన ఆటల తీరే ఇది. ఆటగాడి వేగం, ట్యాకిల్, ఫినిషింగ్ లాంటి గుణాలకు 1 నుంచి 20 దాకా అంకెలుంటాయి. మా లీగ్‌లో వాడేది వేరే ఇంజిన్ అయినా అంకెల పద్ధతి అదే. ఆటగాళ్లందరూ కల్పితమే. కానీ ఎదుటి మేనేజర్ నిజమైన మనిషి. అందుకే కంప్యూటర్ మీద ఆడి గెలిచినదానికీ దీనికీ పోలికే లేదు.

లీగ్‌లో చేరడం తేలికగానే అయిపోయింది. ఒక ఫారం నింపాను, రెండు రోజుల్లో జట్టు ఇచ్చారు. పాత మేనేజర్ మధ్యలో వదిలేసి వెళ్లిన జట్టు అది. అంతకు ముందు సీజన్‌లో పదో స్థానం. నాకు సహాయకుడిగా తమ్ముడి వరసైన ఒక కుర్రవాడు చేరాడు. లెక్కల్లో దిట్ట. ప్రతి మ్యాచ్ అంకెలూ పట్టిక కట్టి నా ముందు పెట్టేవాడు.

యువ ఆటగాళ్ల డ్రాఫ్ట్, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకోవడం గురించి మాత్రం కాస్త గర్వంగానే చెప్పుకోవాలి. మూడో రౌండ్ దాకా ఒక 18 ఏళ్ల స్ట్రైకర్‌ను ఎవరూ తీసుకోలేదు. ఫినిషింగ్ 11 ఉందని అందరూ వదిలేశారు. నేను పక్క గడులు చూశాను. వేగం 16. బంతి లేనప్పుడు ఖాళీ వెతుక్కునే గుణం 15. ఆ రెండూ ఉన్నవాడికి అవకాశాలు వాటంతట అవే వస్తాయి. పదొస్తే మూడు వేసినా చాలు. తీసుకుని 17వ నంబర్ ఇచ్చాను. సీజన్ చివరికి వాడు కొట్టినవి 13 గోల్స్. డివిజన్‌లో అంత చిన్న వయసులో అన్ని గోల్స్ ఇంకెవరూ కొట్టలేదు.

మొదటి ఐదు మ్యాచుల్లో ఒకటి గెలిచి, ఒకటి డ్రా చేసుకుని, మూడు ఓడిపోయాం. ప్రతి ఓటమి తర్వాత ఫార్మేషన్ మార్చాలని చెయ్యి దురద పెట్టేది. తమ్ముడు ఆపాడు. "అక్కా, ఒక్క స్కోరు చూసి మార్చకు. ఐదు మ్యాచుల ఎక్స్‌జీ కలిపి చూద్దాం" అన్నాడు. ఎక్స్‌జీ అంటే ఒక షాట్ గోల్ అయ్యే అవకాశం ఎంతో చెప్పే అంకె. పెనాల్టీకి 0.75కు కాస్త అటూ ఇటూ ఉంటుంది, దూరం నుంచి కొట్టిన షాట్‌కు 0.05 కూడా ఉండకపోవచ్చు. అలా కలిపి చూస్తే మా దాడిలో లోపమేమీ లేదు. మేం తిన్న గోల్స్ దాదాపు అన్నీ ఒకేలా వచ్చాయి. మా డిఫెన్సివ్ లైన్ ఎక్కువ ముందుకు ఉండేది. మా సెంటర్ బ్యాక్‌లు ఇద్దరి వేగమూ 9 లోపే. వాళ్ల వెనక ఖాళీలోకి బంతి పడితే అంతే సంగతులు. లైన్ వెనక్కి జరిపాం, 4-1-4-1కు మారాం, డిఫెన్స్ ముందు ఒక్కడిని కాపలా పెట్టాం. ఆ ఒక్కడు మా 6వ నంబర్.

6వ నంబర్ గురించి చెప్పకపోతే తర్వాత జరిగిందేదీ అర్థం కాదు. వయసు 31. వేగం 8. పరుగు పందెంలో ఎవరినీ దాటలేడు. కానీ ట్యాకిల్ 17, ఎక్కడ నిలబడాలో తెలిసే గుణం 16. బంతి ఎక్కడికి వస్తుందో అక్కడ ముందే ఉండేవాడు. అతను వచ్చాక తర్వాతి 9 మ్యాచుల్లో 6 గెలిచాం, 2 డ్రా చేసుకున్నాం, ఒక్కటే ఓడాం. 14 మ్యాచులకు 24 పాయింట్లు. డివిజన్ ఛాంపియన్‌గా నిలిచిన జట్టును వాళ్ల గ్రౌండ్‌లోనే 1-0తో ఓడించింది ఆ వరసలోనే.

అతనిలో ఒక్కటే ఇబ్బంది. దూకుడు 18. నెలకోసారి అయినా రిఫరీ పుస్తకంలో పేరు పడేది. మా లీగ్‌లో ఐదు ఎల్లో కార్డులకు ఒక మ్యాచ్ సస్పెన్షన్. 14వ మ్యాచ్‌లో ఆట అయిపోవచ్చింది, 2-0తో ముందున్నాం, 92వ నిమిషం. కామెంటరీ వరుసలు ఒక్కొక్కటే స్క్రీన్ మీద పడుతున్నాయి. "6వ నంబర్ ట్యాకిల్‌కు దిగాడు. ఆలస్యమైంది. రిఫరీ జేబులో చెయ్యి పెట్టాడు." అది ఐదోది. తర్వాతిది లీగ్ మ్యాచ్ కాదు, కప్పు అనే వేరే పోటీలో మ్యాచ్ కాబట్టి అక్కడితో శిక్ష తీరిపోతుంది, లీగ్ మ్యాచ్‌కు వచ్చేస్తాడు అని ఊపిరి పీల్చుకున్నాం. మా లీగ్‌లో కార్డులు, సస్పెన్షన్లు అన్ని పోటీలకూ కలిపే లెక్క. ఇంగ్లండ్‌లో 2018-19 నుంచి ఎల్లో కార్డులు ఏ పోటీవి ఆ పోటీకే. మా దగ్గర అలా కాదు.

కప్పు మ్యాచ్‌కు ముందు 18 మంది పేర్లతో ఒక జాబితా పంపాలి. 6వ నంబర్ ఎలాగూ ఆడకూడదు. ఆడకూడనివాడికి చోటెందుకని అతని పేరు తీసేసి, రిజర్వ్ జట్టు నుంచి ఒక పిల్లవాడి పేరు రాశాను. మ్యాచ్ అయిపోయింది. ఇంజిన్ తెరిచి చూస్తే 6వ నంబర్ పేరు పక్కన ఉండే ఎర్ర గుర్తు పోయింది. తమ్ముడికి చెప్పాను, "వచ్చేశాడు." ఇద్దరం సంతోషపడ్డాం.

15వ మ్యాచ్‌లో అతను మొత్తం 90 నిమిషాలూ ఆడాడు. 2-1తో గెలిచాం. 27 పాయింట్లు. ఎదుటి జట్టు ఎవరో కాదు, ఇవాళ నాలుగో స్థానంలో ఉన్నవాళ్లే.

రెండు రోజుల తర్వాత రాత్రి లీగ్‌ను నడిపే కమిషనర్ నుంచి మెసేజ్ వచ్చింది. "మీ జట్టుపై ఫిర్యాదు అందింది. రేపు క్రమశిక్షణ కమిటీ ముందు హాజరు కావాలి." ఏ ఫిర్యాదో లేదు, ఏ మ్యాచో లేదు. అడిగితే "రేపు చెప్తాం" అన్నారు. ఆ రాత్రంతా నేనూ తమ్ముడూ మా ఫైళ్లన్నీ ముందేసుకుని కూర్చున్నాం. గడువు దాటి పంపిందేమీ లేదు. లోన్ ఆటగాళ్ల, అంటే వేరే జట్ల నుంచి అరువు తెచ్చుకున్నవాళ్ల లెక్క సరిగ్గానే ఉంది. 25 మంది నమోదు జాబితా సరిగ్గానే ఉంది. ఎవరైనా కసితో పెట్టిన ఫిర్యాదే అయ్యుంటుందని తేల్చుకుని పడుకున్నాను. ఏం తప్పు చేశారో చెప్పకుండా మనిషిని విచారణకు పిలవడం ఏ లీగ్‌లో అయినా తప్పే. అది ఆట కోసం పెట్టుకున్న లీగ్ అయినా సరే.

మీటింగ్ ఆడియో కాల్‌లో జరిగింది. కమిటీలో ముగ్గురు. మిగతా మేనేజర్లు కూడా వినొచ్చన్నారు. తొమ్మిది మంది వచ్చారు. నా కప్పు జాబితాను స్క్రీన్ మీద పెట్టారు. నేను చేత్తో టైప్ చేసిన 18 పేర్లు, పక్కన నంబర్లు. ఒక నంబర్ దగ్గర నేను స్పేస్ రెండుసార్లు కొట్టినట్టున్నాను, ఆ పేరు పక్కకు జరిగి ఉంది. ఎందుకో ఆ వంకర వరుస మీదే నా చూపు నిలిచిపోయింది.

"ఇందులో 6వ నంబర్ ఎక్కడున్నాడు?" అని అడిగారు కమిటీలో ఒకాయన.

"లేడండీ. సస్పెన్షన్‌లో ఉన్నాడు కదా."

"సస్పెన్షన్ ఎప్పుడు అనుభవించాడు?"

"ఆ కప్పు మ్యాచ్‌లోనే."

"జాబితాలో లేనివాడు శిక్ష ఎలా అనుభవిస్తాడమ్మా?"

నాకు అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాను. అప్పుడాయన నియమాల పుస్తకం తెరిచి చదివారు. ఆటగాడి పేరు ఆ మ్యాచ్‌కు పంపిన జాబితాలో ఉంటేనే ఆ మ్యాచ్ సస్పెన్షన్ లెక్కలోకి వస్తుందట. జాబితాలోనే లేనివాడు ఆ మ్యాచ్‌కు అసలు అర్హుడే కాదు, అర్హత లేని మ్యాచ్‌ను వదులుకోవడం శిక్ష కాదు. కాబట్టి మా 6వ నంబర్ శిక్ష అలాగే మిగిలి ఉంది. 15వ మ్యాచ్‌లో ఆడింది సస్పెండ్ అయిన ఆటగాడు.

"క్రమశిక్షణ అధ్యాయంలో ఇది లేదు, నేను చదివాను" అన్నాను. చదివాను కూడా. ఆ అధ్యాయం రెండుసార్లు చదివాను.

"కప్పు అధ్యాయంలో ఉంది. జాబితా తయారీ కింద, చివరి వాక్యం."

కప్పు అధ్యాయం నేను చదవలేదు. కప్పులో మేం ఎక్కువ దూరం పోమని, ఆ పేజీలు తర్వాత చూసుకోవచ్చని వదిలేశాను. చదివానని అబద్ధం చెప్పలేక నోరు మెదపకుండా కూర్చున్నాను. ఆ నిశ్శబ్దంలో వింటున్నవాళ్లలో ఎవరిదో మైకు ఆన్‌లో ఉంది. నవ్వు వినిపించింది. చిన్న నవ్వే, వెంటనే ఆగిపోయింది. అది ఎవరిదో ఇప్పటికీ తెలియదు. కానీ ఈ సీజన్ అనగానే నా చెవుల్లో మొదట మోగేది అదే.

తర్వాత కమిషనర్ అందుకున్నారు. "ఇది కొత్త విషయం కాదు. లెజియా వార్సా కేసు ఫుట్‌బాల్ తెలిసినవాళ్లందరికీ తెలుసు" అన్నారు. నాకు తెలియదు. ఆ రాత్రే కూర్చుని చదివాను. 2014లో ఛాంపియన్స్ లీగ్ క్వాలిఫయింగ్‌లో పోలండ్ జట్టు లెజియా వార్సా స్కాట్లాండ్ జట్టు సెల్టిక్‌ను తమ గ్రౌండ్‌లో 4-1తో, ఎడిన్‌బరోలో 2-0తో ఓడించింది. రెండు మ్యాచులూ కలిపి 6-1. రెండో మ్యాచ్ చివరి నిమిషాల్లో బార్తోష్ బెరెషిన్‌స్కీ అనే డిఫెండర్‌ను సబ్‌స్టిట్యూట్‌గా దించారు. అతనికి అంతకు ముందు మూడు మ్యాచుల సస్పెన్షన్ ఉంది, మూడు మ్యాచులూ ఆడలేదు. కానీ అందులో రెండు మ్యాచులకు అతని పేరు నమోదు జాబితాలో లేదు. కాబట్టి ఆ రెండూ లెక్కలోకి రాలేదు. యూరప్ ఫుట్‌బాల్‌ను నడిపే యూఈఎఫ్ఏ రెండో మ్యాచ్‌ను సెల్టిక్‌కు 3-0గా ఇచ్చేసింది. మొత్తం 4-4 అయి, ఎదుటివాళ్ల గ్రౌండ్‌లో ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టే గెలిచినట్టు లెక్కించే, అప్పట్లో ఉన్న నియమంతో సెల్టిక్ ముందుకు వెళ్లింది.

అది చదివాక రెండు రకాలుగా అనిపించింది. ఒకటి, నియమం అన్యాయమైనది కాదు. పెద్ద పెద్ద క్లబ్బుల్లో ఈ పని కోసమే జీతమిచ్చి పెట్టుకున్న మనుషులు కూడా ఇక్కడే పడ్డారు. రెండు, ఇంత జరిగిన నియమాన్ని తెచ్చి మన లీగ్‌లో పెట్టేటప్పుడు దాన్ని ఎక్కడ రాయాలో కూడా ఆలోచించి ఉండాల్సింది. సస్పెన్షన్ గురించి తెలుసుకోవాలంటే మేనేజర్ ఎవరైనా సస్పెన్షన్ అధ్యాయమే తెరుస్తాడు. అక్కడ సగం రాసి, మిగతా సగం ఇంకో అధ్యాయం చివర పెడితే ఎవరికి అందుతుంది? పైగా ఇంజిన్ ఎర్ర గుర్తు తీసేసి "ఆడించుకో" అంటుంది, పుస్తకం "వద్దు" అంటుంది. రెండింటినీ నడిపేది ఒకే కమిటీ.

మీటింగ్‌లో నేను గట్టిగా అడిగింది ఒక్కటే ప్రశ్న. ఫిర్యాదు చేసిన మేనేజర్ కూడా కాల్‌లో ఉన్నారు. "మీరు దీన్ని ఎప్పుడు గమనించారు?" అన్నాను.

"లైనప్‌లు వచ్చినప్పుడే" అన్నారాయన. లైనప్‌లు మ్యాచ్‌కు గంట ముందు వస్తాయి. ఆ గంటలో మార్చుకోవడానికి వీలుంది.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాలని నియమం లేదు కదండీ."

నిజమే, లేదు. గెలిచి ఉంటే నోరు విప్పేవారు కాదు, ఓడారు కాబట్టి రెండు రోజులాగి ఫిర్యాదు రాశారు. నాకు అదే పరిస్థితి వస్తే నేను ముందే చెప్పి ఉండేదాన్ని. ఇది మంచితనం చూపించుకోవడానికి రాయడం లేదు. సీజన్ చివర్లో అలాంటి సందర్భమే వచ్చింది. వేరే జట్టు లైనప్‌లో లోన్ ఆటగాళ్లు నలుగురు కనిపించారు, మ్యాచ్‌కు ముగ్గురే ఉండాలి. వెంటనే ఆ మేనేజర్‌కు మెసేజ్ పెట్టాను. ఆయన మార్చుకున్నారు. ఆ మ్యాచ్ 1-1 డ్రా అయింది, మేం రెండు పాయింట్లు పోగొట్టుకున్నాం. అయినా ఆ విషయంలో నాకు ఇప్పటికీ తృప్తిగానే ఉంది.

తీర్పు మరునాడు వచ్చింది. మా 2-1 గెలుపు రద్దయి 0-3 ఓటమిగా మారింది. మూడు పాయింట్లు వాళ్లకు వెళ్లాయి. 6వ నంబర్ తర్వాతి మ్యాచ్‌లో కూర్చోవాలి.

అప్పీలుకు 48 గంటల గడువిచ్చారు. తప్పు జరగలేదని నేను వాదించలేదు. జరిగింది. పాయింట్లు తీసుకోండి, గోల్స్ మాత్రం గ్రౌండ్‌లో పడ్డట్టే ఉంచండి అని అడిగాను. ప్లస్ ఒకటిగా ఉన్నది మైనస్ మూడు కావడం రెండోసారి శిక్షించినట్టవుతుందని రాశాను. రాత్రి రెండింటి దాకా మేలుకుని, ఒక్కో వాక్యాన్ని తమ్ముడికి చదివి వినిపించి పంపాను. జవాబు ఒక్క వాక్యం. "0-3 అన్నది ప్రామాణిక శిక్ష, మార్చడం కుదరదు." ఫిఫా నియమాల్లోనూ ఇలాంటి మ్యాచ్‌కు 3-0 అనే ఉంది, నాకు తెలుసు. కానీ అప్పీలు రాసిన మనిషికి ఆ మాట కారణంతో సహా రెండు వాక్యాల్లో చెప్పడానికి ఏం కష్టం? చదివారన్న నమ్మకమైనా కలిగేది.

ఆ తర్వాతి రెండు మ్యాచులూ ఓడిపోయాం. ఒకదాంట్లో 6వ నంబర్ లేడు. రెండోదాంట్లో ఉన్నాడు గానీ, కార్డు భయంతో నేనే అతనికి ట్యాకిల్ తగ్గించమని సూచన పెట్టాను. ట్యాకిల్ చేయని 6వ నంబర్ వల్ల ఏం లాభం? మిడ్‌ఫీల్డ్ మధ్యలోంచి దారులు తెరుచుకున్నాయి. ఆ రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, నువ్వు మ్యాచ్ ఆడించడం లేదు, కమిటీకి భయపడి ఆడిస్తున్నావు" అన్నాడు. కోపమొచ్చింది. ఫోన్ పెట్టేశాను. గంట తర్వాత ఫైలు తెరిచి ఆ సూచన తీసేశాను. తర్వాతి నాలుగు మ్యాచుల్లో రెండు గెలిచి రెండు డ్రా చేసుకున్నాం. చివరి రోజుకు మాకు 32 పాయింట్లు, ప్లస్ 3. వాళ్లకు 34, ప్లస్ 6.

చివరి రోజు అన్ని మ్యాచులూ ఒకేసారి నడుస్తాయి. ఎడమ పక్క మా మ్యాచ్, కుడి పక్క వాళ్లది తెరిచి పెట్టుకున్నాను. వాళ్లు డ్రా చేసుకుంటే మేం నాలుగు గోల్స్ తేడాతో గెలవాలి. మూడు తేడాతో గెలిస్తే ఇద్దరికీ ప్లస్ 6 అవుతుంది, అప్పుడు ఎవరు ఎక్కువ గోల్స్ కొట్టారో చూస్తారు. నిజమైన ఫుట్‌బాల్‌లో టైటిల్ అలా తేలిన సీజన్ ఉంది. 1988-89లో ఆర్సెనల్, లివర్‌పూల్ ఇద్దరికీ 76 పాయింట్లు, ఇద్దరికీ ప్లస్ 37. 73 గోల్స్ కొట్టిన ఆర్సెనల్, 65 కొట్టిన లివర్‌పూల్‌ను దాటింది. తమ్ముడు ఆ వారమంతా ఆ అంకెలే చెప్తూ నాకు ధైర్యమిచ్చాడు.

31వ నిమిషంలో 17వ నంబర్ గోల్ కొట్టాడు. 6వ నంబర్ బంతి లాక్కుని ఒక్క పాస్‌తో ముందుకు పంపితే, వీడు ఇద్దరు డిఫెండర్ల మధ్యలోంచి వెళ్లిపోయాడు. కుడి పక్క కిటికీలో వాళ్లు 1-1. హాఫ్ టైమ్‌లో ఇద్దరు మిడ్‌ఫీల్డర్లను తీసి ఇంకో స్ట్రైకర్‌ను, వింగర్‌ను దించాను. 64వ నిమిషంలో బంతి స్తంభానికి తగిలింది. 71లో గోల్ కీపర్ కాలితో ఆపాడు. 83లో మళ్లీ స్తంభం. రెండు సార్లూ 17వ నంబరే. నా చేతులు చల్లబడిపోయాయి. 90 దాటాక కామెంటరీ వరుసలు పడటం ఆగిపోయింది. ఫోన్‌లో తమ్ముడు ఏమీ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. 1-0. వాళ్లు 1-1.

తీర్పులో గోల్స్ వదిలేసి ఉంటే మేం ప్లస్ 8, వాళ్లు ప్లస్ 2. రెండు స్తంభాలు అడ్డొచ్చినా పైకి వెళ్లేవాళ్లం. ఈ లెక్క రోజుకు ఎన్నిసార్లు వేసుకుంటున్నానో నాకే తెలియదు.

కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ట్యాక్టిక్స్ గురించి నేర్పేవాళ్లు చాలామంది దొరుకుతారు, నియమాల పుస్తకం గురించి ఎవరూ చెప్పరు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవండి, మీకు అక్కర్లేదనిపించే అధ్యాయాన్ని ముందు చదవండి. ఇంజిన్ చూపించే గుర్తులను నమ్మకండి. మీ సొంత రిజిస్టర్ ఒకటి పెట్టుకోండి. ఆటగాడి నంబర్, ఎన్ని కార్డులు, సస్పెన్షన్ ఎప్పుడు మొదలైంది, ఏ మ్యాచ్‌తో తీరింది, ఆ మ్యాచ్ జాబితాలో పేరుందా లేదా. చివరి గడి అన్నిటికన్నా ముఖ్యం. సస్పెండ్ అయినవాడి పేరును జాబితాలో తప్పకుండా రాయండి, కానీ మ్యాచ్‌లో ఆడించకండి, బెంచ్ మీద కూడా కూర్చోబెట్టకండి, అంతే. అనుమానముంటే కమిషనర్‌ను మ్యాచ్‌కు ముందే రాతపూర్వకంగా అడిగి, జవాబు దాచుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట కమిటీ ముందు చెల్లదు. విచారణకు పిలిస్తే ఫిర్యాదు కాపీ ఇవ్వందే రానని చెప్పండి. నేను పట్టుబట్టలేకపోయాను, మీరు పట్టుబట్టండి.

సీజన్ ముగిశాక కమిటీ నియమాల పుస్తకాన్ని సవరించింది. ఆ వాక్యం ఇప్పుడు క్రమశిక్షణ అధ్యాయంలో కూడా ఉంది. జాబితా పంపే పేజీలో పైన ఎర్ర అక్షరాల్లో ఇంకోసారి ఉంది. దానికి నన్ను ఎవరూ సలహా అడగలేదు, నా పేరు ఎక్కడా రాయలేదు. ఉన్నందుకు సంతోషమే.

6వ నంబర్‌కు 32 వచ్చింది. ఇంజిన్ వేగాన్ని 8 నుంచి 7కు దించింది. అమ్మేయమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. ఇంకో సీజన్‌కు కాంట్రాక్టు రాశాను, కెప్టెన్ కూడా అతనే.

నిన్న సాయంత్రం ట్రాన్స్‌ఫర్ విండో తెరిచారు. మొదటి గంటలోనే ఒక మెసేజ్ వచ్చింది. నాలుగో స్థానం మేనేజర్‌ది. మర్యాదగానే రాశారు. పై డివిజన్‌లో తమకు స్ట్రైకర్ అవసరముందట, మా 17వ నంబర్‌కు మంచి ధర ఇస్తారట, ఆలోచించి చెప్పమన్నారు. నిజంగానే మంచి ధర. తమ్ముడికి చూపించాను. వాడు నా వైపు చూసి ఊరుకున్నాడు.

"అమ్మం" అని రాసి పంపించాను.